తెల్లజుట్టు ఎంకటమ్మ

మా అమ్మాయికి క్లాసు పుస్తకాలు తప్ప మిగతావన్నీ చదవాలని ఉంటుంది. సూర్యాపేటలో మా వంటగది గడప దాని స్థిరనివాసం. అక్కడ కూర్చుని, నేను పిలిచినప్పుడల్లా "ఆ, వస్తున్నా" అంటూ, రాకుండా, ఫోన్లో జపాన్ బొమ్మల కథలు ఇంగ్లీషులో చదువుతుంటుంది. మాంగా అంటారట వాటిని. అన్నీ హైస్కూలు పిల్లల కథలే. బడికి పొమ్మంటే కడుపునొప్పి, బడి కథలంటే మాత్రం అన్నం కూడా అక్కర్లేదని నేను సణుగుతాను, అది వినదు. మొన్నొక ఆదివారం చింతచిగురు చేట దాని ముందు పెట్టి ఈనెలు తీయమన్నాను. తీయదని తెలుసు కాబట్టి నేనే పక్కన చతికిలబడ్డాను. ఊరికే తల వంచి దాని ఫోన్లోకి చూశాను కదా, అక్కడో ముఖం. తెల్లటి జుట్టు, నుదుటి మీదికి అడ్డంగా కత్తిరించిన ముంగురులు, చెవి పక్కన సీతాకోకచిలుక పిన్ను. నా చేతిలో చిగురు చేతిలోనే ఉండిపోయింది.

"ఎంకటమ్మ," అన్నాను.

"ఎవరమ్మా ఎంకటమ్మ?" అని మా అమ్మాయి నా వైపు ఒక రకంగా చూసింది. జపాన్ పిల్లను పట్టుకుని ఎంకటమ్మ అంటే ఎవరైనా అలాగే చూస్తారు. కానీ నాకు ఆమె ఎంకటమ్మే. మిర్యాలగూడలో మా ఇంట్లో మూడు నాలుగేళ్ళు మాతోపాటు మనిషిలా మెలిగింది. మా నాయినమ్మతో తిట్లు తిన్నది. మా సైదత్తను హైస్కూలు గడప తొక్కించింది.

అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మా నాయిన రైస్ మిల్లులో గుమస్తా. మిర్యాలగూడ మిల్లుల పక్కన బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికే వాసనతోనే తెల్లవారేది. ఆ వాసన తిండిలోకి, పక్కబట్టల్లోకి, చివరికి మా పుస్తకాల్లోకి కూడా వచ్చేది. ఉతికి ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా పడేది, అమ్మ దాన్ని దులుపుతూ మిల్లు ఓనరు ఏడుతరాలనూ తలుచుకునేది, నాయిన వినపడనట్టు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. అదే మిల్లులో మా మేనత్త సైదమ్మ బియ్యం ఏరేది. దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. కోదాడ దగ్గరి పల్లెలో ఇచ్చారు, పెళ్ళైన కొన్నాళ్ళకే మామ జ్వరమొచ్చి పోయాడు, పిల్లల్లేరు, అత్త మా ఇంటికి వచ్చేసింది. ముప్పై దాటీ దాటకముందే ఆమె తల ముగ్గుబుట్ట అయిపోయింది. ముఖం చూస్తే చిన్నపిల్ల, జుట్టు చూస్తే ముసలమ్మ. కొత్తవాళ్ళు ఆమెను చూసి అక్కా అనాలో అవ్వా అనాలో తెలియక నీళ్ళు నమిలేవాళ్ళు.

మిల్లులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేటల్లో నల్లగింజలూ, మట్టిబెడ్డలూ ఏరేవాళ్ళు. అలా ఉండగా ఓనరు జపాన్ నుంచి మిషను తెప్పించాడు. గింజ రంగు చూసి, నల్లదైతే గాలితో అవతలికి ఊదేసే మిషను. దాన్ని బిగించడానికి జపాన్ నుంచే ఒక పడుచు ఇంజనీరు వచ్చి మిల్లు గెస్టు రూములో నెలకు పైగా ఉన్నాడు. పొద్దంతా మిషను దగ్గర, సాయంత్రం రూము ముందు కుర్చీ వేసుకుని చిన్న చిన్న పుస్తకాలు చదువుకునేవాడు. మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి పెరుగులో కలుపుకుని తిన్నాడని నాయిన ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. మిషను నడవడం మొదలైన రోజు ఓనరు అందరికీ మిఠాయి పంచాడు. అత్త తన మిఠాయి పొట్లం తెచ్చి మా తమ్ముడి చేతిలో పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"మేం పొద్దుగూకులు ఏరేదాన్ని గది ఉఫ్‌మని ఊదిపారేస్తది వదినా," అంది అమ్మతో. "ఇగ రేపటిసంది మమ్మల్ని రావొద్దన్నరు."

జపాన్ సారు వెళ్ళిపోతూ ఆ పుస్తకాలన్నీ రూములోనే వదిలేశాడు. మా నోటు పుస్తకాలకు అట్టలేసుకోవచ్చని నాయిన సంచిలో వేసుకుని తెచ్చాడు. తీరా చూస్తే అరచేతికి కొంచెం పెద్దవి, దేనికీ చాలవు. ఎండుమిరపకాయలు పొట్లం కట్టడానికైనా వస్తాయని అమ్మ ఒకదాన్ని చింపబోతే అత్త చేయి పట్టుకుని ఆపింది. "ఆగు వదినా, బొమ్మలున్నయ్," అంది. తమ్ముడు మన పద్ధతిలో ఎడమవైపు నుంచి తిప్పుతుంటే పక్కింటి ఖాసింబీ చూసి, "ఉల్టా పట్టినవ్ర బేటా, మా ఉర్దూ కితాబు లెక్క గిట్నుంచి తియ్యాలె," అని సరిచేసింది. ఆ గొడవ అంతటితో తీరింది. భాష మాత్రం ఎవరికి తెలుసు? లెక్కలు రాసే నాయినకూ, ఇంటర్ చదివే నాకూ, ఒక్క అక్షరం రాని నాయినమ్మకూ ఆ పుస్తకం ముందు తేడా లేదు. కాబట్టి ఎవరు బాగా కథ అల్లితే పుస్తకం వాళ్ళదే. సైదత్తదే అయింది.

ఆదివారం మధ్యాహ్నం తిన్నాక అమ్మ కంచాలు కడిగి వచ్చేదాకా కథ మొదలుపెట్టకూడదని రూలు. అత్త చాప మీద ఇంటి బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని, ముందు పుస్తకం తెరిచి, గాలికి పేజీ తిరగకుండా బియ్యం కొలిచే సోల ఒక పక్క, తవ్వ ఒక పక్క పెట్టేది. చెయ్యి బియ్యంలో, కళ్ళు బొమ్మల్లో. మిల్లులో పని పోయినా ఆ చేతికి ఏరే అలవాటు పోలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గొంతు పెట్టేది. సైకిలు మీంచి ఎప్పుడూ పడే పిల్లవాడికి ముక్కుగొంతు. హెడ్మాస్టరుకు మిల్లు ఓనరు గొంతు, అప్పుడు నాయిన కూడా పేపరు వెనకాల నవ్వేవాడు. పిల్లలు క్లాసురూము తుడుస్తున్న బొమ్మ వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "ఫీజు గట్టి ఊడ్సుడేంది, ఏం తప్పు జేసిన్రో ఏందో," అని నాయినమ్మ తేల్చింది. అన్నం ముద్దలు మూడు మూలలుగా చేసుకుని చేత్తో పట్టుకుని తింటున్న బొమ్మ చూసి నాయిన చాప దగ్గరికి జరిగాడు. బాగా పరిశీలించాడు.

"కొత్త బియ్యం," అన్నాడు. "ఇంత చదువుకున్నోళ్ళు ఆర్నెల్లు నిల్వ పెట్టాలెనని తెల్వదాయె. చూడు ఎట్ల ముద్దయిందో."

ఎంకటమ్మ రెండో పుస్తకంలో వచ్చింది. అందరూ నల్లజుట్టు పిల్లలు. ఆ మధ్యలో, కిటికీ పక్క బెంచీలో, తెల్లజుట్టు మనిషి. అదే యూనిఫాం, అదే సంచి. అత్త చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. కథ కూడా ఆగిపోయింది. తమ్ముడు తొందరపెడితే, "ఉండరా, గీమె ఎవలో సూడనియ్," అంది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. గీమె పేరు ఎంకటమ్మ. చిన్నప్పుడు చదువు ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళా పిల్లలతోపాటు కూర్చుని చదువుతున్నది. ఆ దేశంలో వయసుతో పట్టింపు లేదు.

"ముసలామెకు ముడతలు లేవేందత్తా?" అన్నాడు తమ్ముడు.

"నాకున్నయా ముడతలు? నా నెత్తి నెరవలేదా?" అంది అత్త.

నాయినమ్మ బాధ వేరు. "గింత వయసొచ్చినంక మోకాళ్ళ మీదికి లంగనా, సిగ్గు శరం లేకుంట," అని నోరు నొక్కుకుంది.

"బడి రూలమ్మా. ఏసుకోకుంటే లోపలికి రానియ్యరు," అని ఎంకటమ్మ తరఫున అత్తే జవాబు చెప్పింది.

ఆ తర్వాత పుస్తకాల్లో అసలు కథానాయకులు ఎవరో మాకు పట్టలేదు. సైకిలు పిల్లవాడు ఎన్నిసార్లు పడితే ఏం? ఎంకటమ్మ ఏ పేజీలో ఉందో అది చాలు. ఒక బొమ్మలో మాస్టరు వేలెత్తి ఆమెను మందలిస్తుంటాడు. "ఇంట్ల పనిజేసుకొని వచ్చేసరికి లేటయింది, పాపం," అనేది అత్త. ఇంకో బొమ్మలో ఏటి గట్టున ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటుంది. ఆ పేజీ వచ్చినప్పుడు అత్త ఏ గొంతూ పెట్టేది కాదు, తిప్పేసేది. అత్త చదువు ఏడో తరగతితో ఆగింది. పెద్దవూర దగ్గర మా సొంతూళ్ళో అంతవరకే బడి. హైస్కూలుకు వాగు దాటి పక్క ఊరికి పోవాలి. గొర్లెంబడి తిరిగే మనిషి లేడని నాయినమ్మ మాన్పించింది. నాయినను చదివించారు, అత్తను మాన్పించారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, అందరికీ తెలుసు.

ఇంతలో కోదాడ నుంచి కబురొచ్చింది. అత్త అత్తగారి ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అవబోతున్నదనీ, ఆ ఊరి కోడలే కాబట్టి ఆమెకే రావచ్చనీ. కానీ పది పాసై ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. ఓపెన్ స్కూల్లో కట్టి పది రాయమన్నాడు నాయిన. ఆదివారం ఆదివారం హైస్కూల్లో క్లాసులుంటాయి, పోయి కూర్చుంటే చాలన్నాడు. అత్తకు మిల్లు పని పోయింది, అన్న ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది? తనకంటూ ఒక బతుకు కావాలంటే దారి ఇదొక్కటే. అది ఆమెకూ తెలుసు. కానీ సిగ్గు. పది తప్పిన పదహారేళ్ళ పోరగాళ్ళ మధ్య నెరిసిన తలతో కూర్చోవాలంటే ప్రాణం చచ్చిపోయింది. "నవ్వుతరే, ముసల్దానికి దసరా పండుగని నవ్వుతరు," అని నాయినమ్మ పుండు మీద కారం చల్లింది.

ఆ ఆదివారం అత్త పుస్తకం తీసి చేట లేకుండా కూర్చుంది. కథ చెప్పలేదు. కిటికీ పక్క బెంచీ ఉన్న పేజీ తెరిచి నాయినమ్మ ముందు పెట్టింది. "సూడమ్మా. పక్కన పిల్లలు నవ్వుతున్నరా? ఎవ్వలన్న నవ్వుతున్నరా?" అని అడిగింది. నాయినమ్మ కళ్ళు చికిలించి ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ఎవరి గోల వాళ్ళది. నాయినమ్మ పుస్తకం మూసి అత్త చేతికిచ్చి, "నీ ఇష్టం బిడ్డా," అంది. మర్నాడే నాయిన ఫీజు కట్టాడు.

అత్తకు లెక్కలు చెప్పే పని నాది. నాకు ఓపిక తక్కువ, ఆమెకు భయం ఎక్కువ. బీజగణితం అంటే ఆమెకు నల్లగింజలూ తెల్లగింజలూ కలిపి పోసినట్టు ఉండేదట. మిర్చి రోట్లో వేసి దంచుతూ ఎక్కాలు చదివేది, రోకలి పోటుకొక ఎక్కం. నాయినమ్మ క్లాసు ఉన్న రోజు పొద్దున్నే లేచి అత్త వాకిలి పనంతా తనే చేసేసేది. పరీక్షలకు సూర్యాపేటలో సెంటరు పడింది. బయలుదేరే ముందు రోజు నాయినమ్మ ఎక్కడి నుంచో తలకు వేసే నల్లరంగు పొట్లం తెప్పించింది. "గీ నెత్తితోని పోకు, జర రంగేస్త, దా," అని పిలిచింది. అత్త పొట్లం తీసి గూట్లో పెట్టేసింది.

"ఎంకటమ్మ ఏసుకున్నదా రంగు? గామెకు లేని సిగ్గు నాకెందుకు?" అంది.

మొదటిసారి లెక్కల్లో పోయింది. మిగతావన్నీ పాసు. పేపరు తప్పా నా తప్పా అని నేను ఏడిస్తే అత్తే నన్ను ఓదార్చింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆఖరి పుస్తకం మేమింకా తెరవలేదు. తను పాసైనాకే ఎంకటమ్మ సంగతి చూడాలని అత్త దాన్ని పాత చీరముక్కలో కట్టి సజ్జ మీద పెట్టింది. తమ్ముడు ఎంత బతిమాలినా దించలేదు. వాడికి అత్త పరీక్ష కంటే ఆ మూట మీదే ధ్యాస. రెండోసారి రాసి వచ్చాక ఫలితాల రోజు వాడే ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తాడు. తిరిగొచ్చి పాసు అని కూడా అనలేదు, తిన్నగా సజ్జ కింద స్టూలు వేశాడు. దాంతోనే మాకు తెలిసింది.

ఆ రోజు ఆదివారం కాదు. అయినా చాప వేశారు. అత్త గబగబా తిప్పకుండా ఒక్కొక్క పేజీ చూసింది. చివర్లో పూలు రాలుతున్న చెట్లు, పిల్లలందరూ ఏడుస్తూ నవ్వుతూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు. అందరి చేతుల్లోనూ పొడుగాటి గొట్టాలున్నాయి. అందులో సర్టిఫికెట్లుంటాయని నాయిన చెప్పాడు. ఎంకటమ్మ ఎక్కడుందని అందరం తలకాయలు గుద్దుకుంటూ వెతికాం. నాయినమ్మకే ముందు కనిపించింది. "గీడున్నది, గీడున్నది నా తల్లి," అంది. మూలన, గేటు పక్క, గొట్టం గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. నాయినమ్మ ఆ బొమ్మను వేలితో తడిమింది. తర్వాత అదే చెయ్యి అత్త తల మీద పెట్టింది, తియ్యలేదు. అత్త వెక్కి వెక్కి ఏడ్చింది. మేమందరం ఏడ్చాం. జపాన్లో ఆ కథ రాసినవాళ్ళకు మిర్యాలగూడలో ఇంతమంది ఏడ్చిన సంగతి ఎవరు చెబుతారు?

ఉద్యోగం వచ్చింది. అత్త కోదాడ వైపు వెళ్ళిపోయింది. పుస్తకాలు కూడా తీసుకుపోయింది. అంగన్‌వాడీ పిల్లలు వాటిని చూశారు, చింపారు, కొందరు నమిలారు కూడా. మేం ఆదివారాలకు అలవాటుపడి కొన్నాళ్ళు ఊరికే చాప వేసుకుని కూర్చున్నాం, నాయిన పేపరు చదివాడు, చెప్పేవాళ్ళు లేక లేచిపోయాం. ఇప్పుడు నాయినమ్మ లేదు. ఆ మిల్లు చేతులు మారింది.

ఇదంతా విని మా అమ్మాయి ఫోను పక్కన పెట్టింది. అది ఫోను పక్కన పెట్టడమే ఒక వింత. ఆ మాంగా మొత్తం అంతకుముందే రెండు రోజుల్లో ఒకసారి చదివేసిందట. సైకిలు పిల్లవాడు పొడుగుజడ పిల్లను ప్రేమిస్తాడట, ఆ ముక్క చెప్పడానికి చివరి పుస్తకం దాకా ఆగుతాడట. మా అత్త చేతిలో పడితే మొదటి ఆదివారమే చెప్పించి ఉండేది. అప్పుడు మెల్లగా అసలు బాంబు వేసింది. "అమ్మా, ఆమె ముసలామె కాదు. వాళ్ళ క్లాసు అమ్మాయే. పదహారేళ్ళు. జుట్టుకు రంగేసుకుంది. నలుపు తెలుపు బొమ్మల్లో లేత రంగు జుట్టును తెల్లగా వదిలేస్తారంతే. మాస్టరు తిట్టేది కూడా రంగేసుకున్నందుకే," అంది.

నేను నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. గూట్లో పెట్టేసిన రంగు పొట్లం గుర్తొచ్చి మళ్ళీ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయి భయమేసింది. ఈ సంగతి అత్తకు తెలిస్తే? ఆమె బతుకు నిలబడిందే ఆ ముసలామెను చూసి. ఇన్నేళ్ళ తర్వాత, అలాంటి మనిషే లేదమ్మా, అది రంగేసుకున్న చిన్నపిల్ల అని ఏ నోటితో చెబుతాం? అత్తకు కంటి ఆపరేషన్ అయింది, చూడ్డానికి వెళ్ళాలి. కోదాడ బస్సెక్కింది మొదలు దిగేదాకా మా అమ్మాయికి చెబుతూనే ఉన్నాను, ఎంకటమ్మ ఊసెత్తావంటే తోలు తీస్తానని. అది ఊఁ కొట్టింది. దాని ఊఁ విలువ నాకు తెలియనిదా.

అత్త వరండాలో నల్లద్దాలు తీసి, డాక్టరిచ్చిన కొత్త కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ముఖం కూడా తలకు తగ్గట్టు పండిపోయింది. కోదాడలో ఉండి ఉండి ఆమె మాటలో "అండి" చేరింది, మమ్మల్ని చూడగానే మాత్రం పాత యాసలోకి దిగిపోతుంది. "రాండ్రి బిడ్డా, ఇప్పుడు చీమ నడిచినా కనిపిస్తున్నది," అంది. నేను టీ పెట్టడానికి లోపలికి పోయి వచ్చేసరికి పని జరిగిపోయింది. ఫోను అత్త చేతిలో ఉంది. అందులో ఎంకటమ్మ, రంగుల బొమ్మలో. జుట్టు బెల్లంపాకం రంగులో మెరుస్తున్నది. మా అమ్మాయి చెప్పేసింది కూడా. నేను గుడ్లురిమాను, అది తల దించుకుంది.

అత్త ఫోనును దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. కొంగుతో ఫోను అద్దం తుడిచింది.

"పదారేండ్లేనా?" అంది.

"అవునమ్మమ్మా."

"అంటే అందర్తోని పాటే బడికి పోయిందా? నడుమ ఆగిపోలేదా?"

"లేదమ్మమ్మా. ఎప్పుడూ ఆగలేదు."

నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్త మళ్ళీ ఆ ముఖం మీదికి వంగింది. అప్పట్లో నాయినమ్మ తడిమినట్టే వేలితో తడిమింది. ఆ వేలికి బొమ్మ జరిగిపోతే మా అమ్మాయి మళ్ళీ తెచ్చి పెట్టింది.

"ఇన్నేండ్లసంది గీమె గురించి ఎంత ఫికరు పడ్డనో," అంది అత్త. "ఎవలు మాన్పిచ్చిన్రో, ఎన్నేండ్లు గొర్లెంబడి తిరిగిందో, మళ్ళ బడికి పోతానంటే ఇంట్ల ఏమన్నరో అని."

ఫోను మా అమ్మాయి చేతిలో పెట్టి, నా దగ్గర టీ గ్లాసు అందుకుంది.

"పోనీ తియ్ బిడ్డా, మంచిగైంది. దాన్ని ఎవ్వలూ మాన్పియ్యలే."